పాత పోస్టాఫీసు నుంచి సముద్రం దాకా



ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు కోరినప్పుడు మొదట డి.ఎ. బకాయిల గురించి రాద్దామనుకున్నాను. అయితే ఆ సంగతి మన అధ్యక్ష, కార్యదర్శులు నాకన్నా బాగా రాయగలరు. ఏటా రాస్తూనే ఉన్నారు. అందుచేత నాకు కాస్తో కూస్తో తెలిసిన విశాఖపట్నం పాత ఊరి గురించి నాలుగు మాటలు రాస్తున్నాను. మన సభ్యుల్లో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు బదిలీ మీద ఈ ఊరికి వచ్చినవారే. సాయంత్రం బీచ్‌లో కూర్చున్నవారే. కానీ ఆ బీచ్‌కు ఆనుకుని ఉన్న పాత ఊరిని తీరిగ్గా నడిచి చూసినవారు ఎందరున్నారో మీరే చెప్పాలి.

కిందటి సంక్రాంతికి మా మనవడు పూణే నుంచి వచ్చాడు. కంప్యూటరు ఉద్యోగం. వచ్చిన మర్నాడే స్నేహితులతో ఆర్.కె. బీచ్‌కి వెళ్ళి, జలాంతర్గామి మ్యూజియం చూసి, అలల దగ్గర నిలబడి ఫోటోలు తీసుకుని, మురీ మిక్చర్ తిని రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరాడు. "తాతా, వైజాగ్ మొత్తం చూసేశాం" అన్నాడు.

"నువ్వు చూసింది సముద్రాన్నిరా. ఊరిని ఇంకా చూడలేదు" అన్నాను.

"అయితే రేపు నువ్వే చూపించు" అన్నాడు.

మర్నాడు ఆరింటికల్లా కాఫీ తాగి, ఇద్దరం సిటీబస్సు ఎక్కి పాత పోస్టాఫీసు దగ్గర దిగాము. నా మోకాళ్ళ సంగతి తెలిసిన మా ఇంటావిడ ఆటోలో వెళ్ళమని పోరింది గాని, వన్ టౌన్ సందుల్లో సగం ఆటో పట్టనివే. ఆ రోజు మేము నడిచిన దారినే మీతో కూడా మరొకసారి నడుస్తాను.

పేర్లే రికార్డులు

వన్ టౌన్ అనే మాట పోలీసు స్టేషను హద్దును బట్టి వాడుకలోకి వచ్చినది. లోపలికి వెళితే అసలు పేర్లు వినపడతాయి. కోటవీధి, బురుజుపేట, సోల్జర్‌పేట, వెలంపేట, చెంగల్రావుపేట, జాలారిపేట. మావాడు ఫోనులో మ్యాపు చూస్తూ "కోటవీధి అంటున్నారు, కోట ఎక్కడ తాతా?" అని అడిగాడు. "కోట పోయిందిరా, పేరు మిగిలింది" అన్నాను.

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వారు 1682లో ఇక్కడ వర్తకశాల పెట్టారు. దానిని ఫ్యాక్టరీ అనేవారు గాని, అందులో యంత్రాలేమీ ఉండవు. ఈ ప్రాంతపు నేతబట్టలు కొని ఓడలకెక్కించే గిడ్డంగి, గుమాస్తాల కచేరీ అన్నమాట. అంటే ఈ ఊళ్ళో ఇంగ్లీషువారి పాలన మనవంటి గుమాస్తాలతోనే మొదలైంది! ఏడేళ్ళు తిరగకుండానే, 1689లో, ఔరంగజేబుతో కంపెనీకి వచ్చిన తగాదాలో మొగలాయీ సేన ఈ వర్తకశాల మీద పడి, అందులోని ఇంగ్లీషువారిని చంపింది. తరువాత రాజీ కుదిరి, వర్తకశాలకు గోడలు, బురుజులు లేచాయి. ఆ కోటకు వెళ్ళే వీధి కోటవీధి. బురుజు పక్కన వెలసిన పేట బురుజుపేట.

1757 జూన్ నెలలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఈ కోటను పట్టుకున్నాడు. అదే నెలలో బెంగాలులో ప్లాసీ యుద్ధం జరిగింది. అక్కడ గెలిచిన కంపెనీ ఇక్కడ ఓడింది. మరుసటి సంవత్సరం విజయనగరం ఆనందరాజు గారు ఇంగ్లీషువారిని పిలిపించుకున్నారు. కర్నల్ ఫోర్డు సేనతో కలిసి 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించడంతో ఈ తీరమంతా కంపెనీ వైపు తిరిగింది.

సోల్జర్‌పేట పేరు వింటే మన పెన్షనర్లకు ముచ్చట వేయవలసిందే. కంపెనీ సైన్యంలో వయసు మీరిన తెల్ల సిపాయిల దళాన్ని 19వ శతాబ్దంలో విశాఖపట్నంలో ఉంచేవారు. సముద్రపు గాలి, తేలిక డ్యూటీ. రిటైరైనవారికి ఈ ఊరు నచ్చడం ఈనాటి సంగతి కాదన్నమాట.

అయితే సిపాయిలందరికీ ఈ తీరం విశ్రాంతి ఇవ్వలేదు. 1780లో మైసూరు హైదరాలీతో యుద్ధం వచ్చినప్పుడు, ఇక్కడి దేశీ సిపాయిలను ఓడలో మద్రాసు పంపాలని ఉత్తర్వులు వచ్చాయి. అక్టోబరు 3వ తేదీన ఓడ ఎక్కమంటే వారు ఎక్కమన్నారు. తిరగబడి, అధికారులను కాల్చారు. 1857 నాటి సిపాయిల తిరుగుబాటుకు 77 ఏళ్ళ ముందు జరిగిన సంగతి ఇది. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో మీరట్ ఉంటుంది గాని విశాఖపట్నం రేవు ఉండదు.

మూడు కొండలు

పాత పోస్టాఫీసు దగ్గర నిలబడి రేవు వైపు చూస్తే మూడు చిన్న కొండలు వరుసగా కనిపిస్తాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. చర్చి ఉన్నదానిని రాస్ హిల్ అంటారు. రాస్ అనే దొర 1864లో అక్కడ ఇల్లు కట్టుకున్నాడని, తరువాత అదే ప్రార్థనామందిరం అయిందని చెబుతారు. వేంకటేశ్వరస్వామి గుడిని 1866లో బ్లాక్‌మూర్ అనే తెల్ల కెప్టెను కట్టించాడని ప్రతీతి. మధ్యనున్నది ఇషాక్ మదీనా ఔలియా దర్గా. బంగాళాఖాతంలో తుపాన్ల మీద ఈ ఔలియాకు అధికారం ఉందని నావికుల నమ్మకం. వెనకటి రోజుల్లో రేవులోకి వచ్చే పడవలు, పోయే పడవలు దర్గాకు ఎదురుగా జెండాను మూడుసార్లు దించి ఎత్తి సలాము చేసేవట. సముద్రంలో గండం గడిచినవారు వెండితో చేసిన చిన్న పడవలను మొక్కుగా చెల్లించేవారు. మొక్కుకున్నవారిలో హిందువులే ఎక్కువ.

మావాడు మూడు కొండలనూ ఒకే ఫోటోలో పట్టాలని చాలాసేపు తంటాలు పడ్డాడు. "మూడూ ఒకే చోట ఎందుకున్నాయి?" అని అడిగాడు. నాకు తోచిన జవాబు చెప్పాను. ఓడలోంచి చూసేవాడికి ముందుగా కనపడేవి ఎత్తులు. సముద్రం మీద భయం ఉన్నవాడికి దిగగానే దేవుడు కావాలి. ఏ మతం వాడికి ఆ మతం దేవుడు రేవులోనే ఎదురయ్యేలా పెద్దలు ఏర్పాటు చేసుకున్నారు.

రేవు మారింది, ఊరు కదిలింది

మన తాతల కాలంలో విశాఖపట్నానికి ఓడలు వచ్చేవి గాని ఒడ్డుకు వచ్చేవి కావు. దూరంగా నడిసముద్రంలో లంగరు వేసేవి. మేకులు లేకుండా పలకలను తాళ్ళతో కుట్టిన మసూలా పడవల్లో సరుకూ, మనుషులూ అలలు దాటి వెళ్ళేవారు. మేకులు కొట్టిన పడవ అలల దెబ్బకు విరుగుతుంది. కుట్టిన పడవ వంగి నిలుస్తుంది. ఆ విద్య జాలార్లది.

డాల్ఫిన్ నోస్ కొండకూ, ఊరికీ నడుమ గెడ్డ సముద్రంలో కలిసే చోట ఒక బురద మడుగు ఉండేది. దానిని తవ్వి ఓడరేవు చేయాలన్న ఆలోచన చాలాకాలం కాగితాల మీదే నడిచింది. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజానికి దగ్గరలో రేవు కావలసి రావడంతో 1927లో పని సాగింది. రాయపూర్ నుంచి విజయనగరానికి రైలుమార్గం 1931లో పూర్తయింది. 1933 అక్టోబరు 7వ తేదీన జలదుర్గ అనే ఓడ కొత్త రేవులోకి వచ్చింది. ఆ డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనంగా ప్రారంభించాడు.

ఇక్కడ ఇంజనీర్లు చేసిన ఒక చమత్కారం చెప్పాలి. మన తీరంలో ఇసుక ఒకచోట నిలవదు. నైరుతి రుతుపవనాల అలలు దానిని దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుపోతాయి. అలా వచ్చే ఇసుక రేవు ముఖద్వారాన్ని పూడ్చకుండా, రెండు పాత ఓడలను కావాలని ముంచి, వాటిని అడ్డుకట్టగా చేశారు. ఆ అడ్డు వెనక చేరిన ఇసుకను డ్రెడ్జరుతో తోడి ఉత్తరపు ఒడ్డున పోస్తూ వచ్చారు. 1976లో బయటి హార్బరు, దాని పొడవాటి రాతికట్టలు వచ్చాక ఇసుక ప్రయాణానికి అడ్డు ఇంకా పెరిగింది, ఒడ్డు కోత ఎక్కువైంది. ఆర్.కె. బీచ్‌లో మనం కాళ్ళు పెట్టే ఇసుకలో కొంత రేవు వారు తోడి పోసినదే. "అంటే బీచ్‌కి కూడా జీతం నెలనెలా పంపాలన్నమాట" అన్నాడు మావాడు. జీతం కాదు, పెన్షన్ అన్నాను.

రేవుతో పాటు ఊరి నడిబొడ్డు కూడా కదిలిపోయింది. 1901 జనాభా లెక్కల్లో 40 వేల పైచిలుకు ఉన్న పట్టణం 2011 నాటికి 17 లక్షలు దాటింది. ఆ పెరిగినదంతా ఉత్తరానికి, పడమటికి పెరిగింది. వన్ టౌన్ మాత్రం పాత ఫైలులా అడుగున ఉండిపోయింది.

బజారు, బురుజు, అమ్మవారు

కోటవీధి కూడలిలో మండపం కింద విక్టోరియా రాణి కంచు విగ్రహం ఉంది. 1904లో పెట్టినది. దాని చుట్టూ తోపుడు బళ్ళు, టీ కొట్లు. దగ్గరలోనే బొబ్బిలి రాజావారి ద్రవ్యసహాయంతో కట్టిన టౌన్ హాలు. మరికొంత దూరంలో కురుపాం మార్కెట్టు. 1914లో కురుపాం రాజావారు కట్టించిన ఈ మార్కెట్టు కమాను కింద నుంచి లోపలికి వెళితే, ఈనాటికీ బేరాలు నోటితోనే సాగుతాయి. చుట్టూ బంగారం, వెండి కొట్లు. ఉత్తరాంధ్ర పల్లెల్లో పెళ్ళి కుదిరితే పుస్తెలకు ఇక్కడికి రావడం మా చిన్నతనం నుంచి చూస్తున్నదే.

ఈ వీధుల కంసాలుల పనితనానికి వేరే చరిత్ర కూడా ఉంది. 18వ శతాబ్దంలో ఇక్కడి పనివారు కర్రపెట్టెల మీద, బల్లల మీద, కుర్చీల మీద ఏనుగుదంతపు రేకులు పొదిగి, వాటిపై లతలు చెక్కి నల్లని లక్క నింపేవారు. కంపెనీ దొరలు వాటిని స్వదేశానికి పట్టుకుపోయారు. 'వైజాగపటం' పని అనే పేరుతో లండన్ మ్యూజియముల్లో అవి ఈనాటికీ ఉన్నాయి. కొన్నవారి పేర్లు చాలావాటికి రాసి ఉన్నాయి గాని, చేసినవారి పేర్లు లేవు. ఈ మాట మనసులో పెట్టుకోండి. చివర మళ్ళీ వస్తాను.

బురుజుపేటలో శ్రీ కనకమహాలక్ష్మి అమ్మవారు. ఈ అమ్మవారి విగ్రహం 1912లో బురుజు దగ్గరి బావిలో దొరికిందంటారు. 1917లో రోడ్డుకు అడ్డమని పక్కకు జరిపితే ఊళ్ళో ప్లేగు వచ్చిందని, తిరిగి యథాస్థానంలో పెట్టాక తగ్గిందని పెద్దలు చెప్పుకునేవారు. అప్పటినుంచి ఇళ్ళలో ఏ శుభకార్యం తలపెట్టినా ముందు అమ్మవారికి పసుపు, కుంకుమ ఇచ్చి రావడం ఆచారం. గర్భాలయానికి పైకప్పు లేదు. కులం, మతం అడగకుండా ఎవరైనా స్వయంగా వెళ్ళి అమ్మవారిని తాకి పూజ చేసుకోవచ్చు. మార్గశిర మాసంలో లక్ష్మివారం నాడు తెల్లవారుజామున వెళితే క్యూ ఎన్ని సందులు తిరుగుతుందో చూడవచ్చు. ఊరిని ఊరివాడిలా చూడాలంటే ఆ క్యూలో ఒకసారి నిలబడాలి. ముందువాడు ఏ పేట, వెనకవాడు ఏ పేట, ఎవరి అమ్మాయికి సంబంధం కుదిరింది, చేపల ధర ఎంత ఉంది, అన్నీ దర్శనం అయ్యేలోగా తెలిసిపోతాయి.

దీపస్తంభం వంటి చదువులు

పాత ఊరు చదువుకు కూడా పెట్టింది పేరు. లండన్ మిషనరీలు 1805లోనే ఇక్కడ దిగి, సువార్తలను తెలుగు చేసే పని సాగించారు. సెయింట్ అలోషియస్ పాఠశాల 1847 నాటిది. అక్కడి నుంచి టౌన్ కొత్తరోడ్డు మీదుగా ఎగువకు ఎక్కితే శ్రీమతి ఏ.వి.ఎన్. కాలేజీ. 1860లో పాఠశాలగా మొదలై, తరువాత కళాశాల అయింది. సర్ సి.వి. రామన్ గారి తండ్రి ఇందులో అధ్యాపకులు. రామన్ గారు సెయింట్ అలోషియస్‌లో, ఈ కాలేజీలో చదువుకునే మద్రాసు వెళ్ళారు. 1910లో ఈ ఊళ్ళోనే పుట్టిన శ్రీశ్రీ గారు కూడా ఇక్కడ చదివారు. 1935లో ఇక్కడే డెమాన్‌స్ట్రేటరుగా పనిచేశారు. ఆయన తొలి పుస్తకం 'ప్రభవ'ను 1928లో అచ్చువేసినది విశాఖలోని కవితాసమితి.

కాలేజీ దాటితే 1923లో మొదలైన మెడికల్ కాలేజీ, కింగ్ జార్జి ఆసుపత్రి. ఆ పక్కన మహారాణిపేట, రాతితో కట్టిన కలెక్టరాఫీసు. ఈ కచేరీ కింద ఉండిన జిల్లా ఎంతటిదో ఇప్పటివారికి ఊహకు అందదు. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడిపోయాయి. నా సర్వీసులో చూసిన పంపకాల్లో అధికారులకన్నా ముందు తలపట్టుకున్నవారు రికార్డు గుమాస్తాలే. ఏ ఫైలు ఎవరి వాటాకు వెళ్ళాలో తేల్చవలసినవారు వారే కదా.

అల్లదిగో సముద్రం

మహారాణిపేట దిగితే సముద్రం. కుడివైపు కోస్టల్ బ్యాటరీ, ఆ వెనక చేపల రేవు. ఎడమవైపు రామకృష్ణ ఆశ్రమం. ఆ ఆశ్రమం వల్లనే దానికి ఆర్.కె. బీచ్ అన్న పేరు వచ్చిందని మావాడికి తెలియదు. ఎవరో సినిమావాళ్ళ పేరు అనుకున్నాడు.

ఈ ఒడ్డు రెండు యుద్ధాలు చూసింది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు రేవు మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లో జనం మూటలు నెత్తిన పెట్టుకుని ఊరు విడిచిపోయారని, వీధికి ఒక్క ఇంట్లో కూడా దీపం లేదని మా నాన్నగారు చెప్పేవారు. రెండవది నేనే చూశాను. 1971 డిసెంబరులో కిటికీలకు నల్లకాగితాలు అంటించుకుని చీకట్లో కూర్చున్నాము. 3వ తేదీ అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు వచ్చి కిటికీ అద్దాలు అదిరాయి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ తొంభైమందికి పైగా సిబ్బందితో మునిగిన రాత్రి అది. ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాల వాదనలు వేరు. ఆ యుద్ధవిజయానికి గుర్తుగా 1996లో బీచ్‌లో స్మారకం కట్టారు. కురుసుర జలాంతర్గామిని 2002లో మ్యూజియం చేశారు. మావాడు చూసి వచ్చినది ఇదే. చూడవలసినదే, కాదనను.

అయితే ఊరివాడు సముద్రాన్ని చూసే వేళ వేరు. తెల్లవారకముందే చేపల రేవుకు వెళ్ళాలి. పడవలు వచ్చే వేళకు ఆడవారు బుట్టలతో సిద్ధంగా ఉంటారు. కోనాం, చందువ, పండుగప్ప వంటివి పెద్ద బేరగాళ్ళకు. నెత్తళ్ళు, కవ్వళ్ళు, కానాగంతలు మనవంటివారికి. సముద్రంలో రాజ్యం మగవారిదైతే ఒడ్డున రాజ్యం ఆడవారిదే. పాట పాడేదీ, డబ్బు లెక్కపెట్టేదీ, అప్పు ఇచ్చేదీ వాళ్ళే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు, 2023 నవంబరులో రేవులో మంటలు లేచి పదుల పడవలు కాలిపోయినప్పుడు మొదట ఆరిపోయినవి ఈ ఇళ్ళ పొయ్యిలే.

నేను చెరిపిన సందు

ఇంతవరకు మావాడికి చెప్పినది రాశాను. ఇప్పుడు వాడికి చెప్పి, ఇంతకు ముందు మరెవరికీ చెప్పనిది రాస్తాను.

1980 దశకంలో నేను ఒక కార్యాలయంలో రికార్డు సెక్షను గుమాస్తాను. ఏ కార్యాలయమో ఇక్కడ అవసరం లేదు. మీకందరికీ తెలిసినదే, ఆర్.డిస్. ఫైలు శాశ్వతం, డి.డిస్. పదేళ్ళు, ఎల్.డిస్. ఏడాది. కాలం తీరినవాటికి జాబితా రాసి, సంతకాలు చేయించి, ధ్వంసం చేయాలి. గది నిండిపోయింది, త్వరగా కానిమ్మని పైవారు తొందరపెట్టారు. నేను రోజుకు రెండు మూడు కట్టలు విప్పి జాబితా రాసేవాణ్ణి. ఆ కట్టల్లో సముద్రం పక్క సందు ఒకదానికి ఎప్పుడో జరిగిన విచారణ కాగితాలు ఉన్నాయి. చేతితో గీసిన నక్షా, అందులో ఇంటింటివారి పేర్లు. పడవలకు తెడ్లు చెక్కేవారు ఉండబట్టి ఆ సందును తెడ్ల సందు అనేవారని నక్షా మీదే రాసి ఉంది. నాకు ముచ్చటేసింది. ఒక నిమిషం చూశాను. ఫైలు మీద డి.డిస్. అని ఉంది, కాలం తీరింది. జాబితాలో రాసేశాను. అది రూలు ప్రకారమే.

రెండేళ్ళ తరువాత ఒక జాలారి ముసలమ్మ మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, వాళ్ళ ఇల్లు పోతున్నది, ఎంతకాలం నుంచి ఉన్నారో రుజువు చూపమన్నారు.

"బాబూ, మా అయ్య కాలంలో మా సందుకి కొలత ఏసి కాయితం రాసినారంట. తమరి కాడుందని సెప్పినారు. కాస్త సూడండి బాబూ" అంది.

నేను రిజిస్టరు తీశాను. ధ్వంసం చేసిన జాబితాలో ఆ నెంబరు కనిపించింది. ఎదురుగా తయారు చేసినవారి పొట్టి సంతకం నాదే. రిజిస్టరు మూసి, "రికార్డు లేదమ్మా, కాలం తీరిపోయింది" అన్నాను. ఆమె కాసేపు నిలబడి, "కాలం తీరిందా బాబూ, మేమింకా అక్కడే ఉన్నాం కదా" అని, మనవడి చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది. జాబితా రాసినది నేనేనని ఆమెకు చెప్పలేదు. ఆ నక్షాకు ఒక నకలు రాసుకోవడానికి నాకు పావుగంట పట్టేది. కనీసం శాశ్వతంగా ఉంచవలసినదని పైవారికి ఒక నోటు పెట్టవచ్చు. అదీ చేయలేదు.

ఆ ఇళ్ళు ఉండిన చోటనే ఇప్పుడు రోడ్డు ఉంది. పక్కన మిగిలిన ఇళ్ళకు నెంబర్లున్నాయి. తెడ్ల సందు అంటే అక్కడి కుర్రవాళ్ళకే తెలియదు. ఏనుగుదంతపు పెట్టెల మీద చెక్కినవారి పేర్లు లేకపోవడం గురించి ముందు రాశాను. అది రెండు వందల ఏళ్ళ నాటి మాట. తెడ్లు చెక్కినవారి పేర్లు మాత్రం నా చేతిమీదుగానే పోయాయి.

రిటైరైన తరువాత ఒక పొడుగు నోటుబుక్కు కొన్నాను. వీలైన ఆదివారాలు ఉదయం పాత ఊళ్ళో నడిచి, అరుగుల మీద కూర్చున్న పెద్దలను అడిగి, వీధి పేరు, ఆ పేరు ఎందుకు వచ్చిందని వారనుకుంటారు, మునుపు ఎవరుండేవారు, ఇవి రాసుకుంటాను. ఒకే వీధికి ఇద్దరు రెండు కథలు చెబితే రెండూ రాస్తాను. తీర్పు చెప్పడం గుమాస్తా పని కాదు కదా. మొదటి పేజీలో తెడ్ల సందు ఉంది. నక్షాలో చూసిన పేర్లలో గుర్తున్నవి నాలుగే. ఆ నాలుగూ రాశాను.

మిత్రులకు విన్నపం

మావాడు తిరుగు ప్రయాణానికి ముందు ఆ నోటుబుక్కు పేజీలన్నీ ఫోనులో ఫోటోలు తీసుకున్నాడు. "తాతా, ఇది ఇక ధ్వంసం కాదు" అన్నాడు. ఆ పిల్లవాడు అన్నంత తేలిక కాదని నాకు తెలుసు. అయినా ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

మిత్రులారా! మీలో ఎవరైనా విశాఖపట్నం వస్తే బీచ్‌తో సరిపెట్టుకోకండి. ఉదయాన్నే పాత పోస్టాఫీసు దగ్గర దిగండి. మూడు కొండలకు నమస్కరించి, కోటవీధి, కురుపాం మార్కెట్టు, బురుజుపేట మీదుగా నడిచి, ఏ.వి.ఎన్. కాలేజీ ఎగువ ఎక్కి, చివరకు సముద్రం దగ్గరకు రండి. మోకాళ్ళు సహకరించకపోతే రెండు రోజులు చేసుకోండి. దారిలో ఎవరినైనా సరే, ఈ పేటకు ఈ పేరు ఎలా వచ్చింది బాబూ అని అడగండి. విసుక్కునేవారు నాకు ఇంతవరకు తగలలేదు.

మరొకటి. మనమందరం ముప్ఫై, ముప్ఫైఅయిదు ఏళ్ళు కాగితాలతో బతికినవాళ్ళం. ఏ ఊరి చెరువు ఎప్పుడు పూడింది, ఏ పేట ఎవరిది, ఏ వీధి పేరు ఎప్పుడు మారింది అన్న సంగతులు మన బుర్రల్లో ఉన్నాయి. మన తరువాత వాటికి ఏ డిస్పోజలూ ఉండదు. ఒక్కొక్క సభ్యుడు తన ఊరి ఒక్కొక్క వీధి గురించి ఒక పేజీ రాసి సంఘం కార్యాలయానికి పంపితే, లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడానికి వచ్చినప్పుడైనా ఇచ్చివెడితే, వాటిని ఒక ఫైలుగా కట్టి పైన నా చేత్తో ఆర్.డిస్. అని రాస్తాను. ఆ మాట ఈసారి తప్పను.

సెలవు.